చిత్రికకు, ఉలికి, రౌటర్‌కు ఒకే వర్క్‌బెంచ్ సరిపోతుందా? ఎత్తు, మందం, వైస్ ఎలా తేల్చుకోవాలి?

పేడుముక్క:

నమస్కారం అండీ. ఇప్పుడు నా దగ్గరున్నది ఇనప చట్రం మీద 18 మి.మీ. ప్లైవుడ్ బిగించిన బల్ల. ఎత్తు 36 అంగుళాలు. డ్రిల్లింగుకీ, మరలు బిగించడానికీ పరవాలేదు. చిత్రిక పట్టాలంటేనే తంటా. బల్ల జరుగుతుంది, చట్రం ఊగుతుంది, కాసేపటికే భుజాలు పట్టేస్తాయి. ఉలితో మోర్టైజ్ (అతుకు కోసం చెక్కలో తొలిచే గుంట) కొడితే దెబ్బకి ప్లైవుడ్ ఎగిరిపడుతుంది తప్ప ఉలి దిగదు.

చేసేవి స్టూళ్లు, పెట్టెలు, చిన్న అలమరలు. ఎక్కువగా చేతి పనిముట్లే, రౌటర్ (గాళ్లు, అంచులు తొలిచే మెషీన్), సర్క్యులర్ సా (కరెంటు రంపం) కూడా ఉన్నాయి. గది 10 అడుగులు బై 12 అడుగులు. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. కొత్త బల్ల నేనే చేసుకుందామనుకుంటున్నాను. 4×2 (అంగుళాల్లో పేరు అది, నిజంగా సుమారు 89×38 మి.మీ.) మెత్త కలప గానీ, ప్లైవుడ్ గానీ వాడగలను.

ఎత్తు ఎంత పెట్టాలి? పైపలక ఎంత మందం? వైస్ (చెక్కని దవడల మధ్య బిగించి పట్టేది) ఏది? చిత్రికకి ఒకటి, అతికించడానికి ఒకటి అని రెండు బల్లలు కావాలా, ఒక్కదానితో సర్దుకోవచ్చా? రూబో, నికల్సన్, స్కాండినేవియన్ అంటూ రకరకాల నమూనాలు కనిపిస్తున్నాయి. దేన్ని పట్టుకోవాలో తేలడం లేదు.

చేవకర్ర:

నమూనా పేర్లు కాసేపు పక్కన పెట్టండి. మీ పని చెక్కని ఎటు తోస్తోందో ముందు చూసుకోండి. చిత్రిక అడ్డంగా తోస్తుంది. ఉలి కిందికి కొడుతుంది. రంపం ముందుకీ వెనక్కీ ఈడుస్తుంది. రౌటర్ పెద్దగా తోయదు గానీ అదురుతుంది, పైగా కన్ను దగ్గరగా ఉండాలి. ఆ తోపుని ఏది ఆపాలో తేలితే బల్ల ఆకారం దానంతటదే తేలుతుంది.

ఎత్తు దగ్గర మొదలుపెడదాం. పనిలో వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. నేల నుంచి మూడు కొలతలు తీయించుకోండి: చిటికెనవేలు అరచేతిలో కలిసే చోటు, మణికట్టు మడత, మోచెయ్యి. మీ ఎత్తు మనిషికి ఇవి సుమారుగా 30–31, 33, 42 అంగుళాలు వస్తాయి. చేతుల పొడవుని బట్టి అంగుళం అటూ ఇటూ అవుతుంది కాబట్టి పట్టికల్ని నమ్మకుండా టేపు పట్టి కొలవండి.

మొదటిది చిత్రిక ఎత్తు. అక్కడ చేతులు దాదాపు చాచి ఉంటాయి, తోపు తొడల నుంచీ నడుము నుంచీ వస్తుంది, ఒంటి బరువే చిత్రికని కిందికి నొక్కి పెడుతుంది. మీ 36 అంగుళాల బల్ల మీద అంగుళం మందం చెక్క, దాని మీద చిత్రిక పిడి, అంటే మీ చేతులు దాదాపు 40 అంగుళాల దగ్గర ఆడుతున్నాయి. అంత ఎత్తులో ఒంటి బరువు వెయ్యలేరు, మోచేతులు మడిచి భుజాలతో తోయాల్సి వస్తుంది. భుజాలు పట్టేసేది అందుకే. చెక్క చిత్రిక వాడేవాళ్లు ఇంకో అంగుళం తగ్గించుకోవాలి, ఇనప చిత్రిక కన్నా దాని ఒళ్లు ఎత్తు.

మణికట్టు ఎత్తు మధ్యేమార్గం. మందం అంతా మెషీన్ మీద తీసి, చివర్లో నాలుగు పేళ్లు మాత్రం చిత్రికతో తీసేవాళ్లకి ఇది హాయిగా ఉంటుంది. ఇక మోచేతికి రెండు నుంచి నాలుగు అంగుళాలు కింద, మీకు 38–40 అంగుళాల దగ్గర, డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు మూల అతుకు) కోతలు, గీతలు గియ్యడం, నగిషీ చెక్కడం, రౌటర్ పని. ఈ పనుల్ని చిత్రిక ఎత్తు బల్ల మీద గంటసేపు చేస్తే నడుము పోతుంది.

చేతిరంపంతో పెద్ద పలకలు కొయ్యడం పూర్తిగా వేరే సంగతి. దానికి మోకాలి చిప్ప కన్నా కాస్త కిందికి, 19–20 అంగుళాల ఎత్తులో ఒక జత పొట్టి పీటలు చాలు. పలక మీద మోకాలు వేసి తొక్కిపట్టి, అడ్డకోతకి రంపం సుమారు 45 డిగ్రీల్లో, నిలువుకోతకి 60 డిగ్రీల్లో నడుపుతారు. పెద్ద బల్ల అంచు నుంచి పలకని వేలాడదీసి కోస్తే ఒంటి బరువు కోత మీదికి రాదు, చివర్లో తెగి పడేటప్పుడు అంచు చీలుతుంది.

మీరు చెప్పిన పనులకి ఒకే బరువైన బల్ల, 32 అంగుళాలు. ఎత్తు కావాల్సినప్పుడు దాని మీద బిగించుకునే ఆరంగుళాల పై బల్ల ఒకటి. రంపానికి పొట్టి పీటలు. అంతకన్నా అక్కర్లేదు. బల్ల ఎత్తు 34 అంగుళాలకి వచ్చేలా కాళ్లు చేసి, కొన్నాళ్లు వాడి, అర అంగుళం చొప్పున కోసుకుంటూ మీ ఎత్తు దగ్గర ఆగండి. కొయ్యడం తేలిక, పెంచడం కష్టం.

మూలమట్టం:

చేవకర్ర గారు ఎత్తు చెప్పేశారు కాబట్టి నేను చట్రం, పైపలక గురించి చెబుతాను.

ఊగడానికీ జరగడానికీ కారణాలు వేరు. జరగడం బరువు తక్కువై. చేతి చిత్రికతో గట్టిగా పనిచేసే బల్ల మొత్తం వంద కిలోల పైన ఉంటే నిశ్చింత. ఊగడం చట్రం మూలల్లో బిగువు లేక. చిత్రిక తోపు బల్ల పొడవు వెంబడి వస్తుంది, కాబట్టి పొడవు పట్టీల మూలలే ముందు సడలుతాయి. చాలామంది పొట్టి వైపు బలంగా చేసి, పొడవు వైపు సన్నటి పట్టీ వేసి రెండు మరలు బిగిస్తారు. పట్టీ కొసలో నార నిలువుగా ఉంటుంది, దాంట్లోకి దిగిన మర నారని కోసుకుంటూ వెళ్తుంది తప్ప పట్టుకోదు. ఊగడం మొదలైతే ఆ బెజ్జం రోజురోజుకీ పెద్దదవుతుంది.

మీ గదికి సరిపోయే కొలత: పొడవు 6 అడుగులు, వెడల్పు 22 నుంచి 24 అంగుళాలు. అంతకన్నా వెడల్పైతే అవతలి అంచు చేతికందదు, వెనక సగం సామాన్లు పేరుకునే చోటవుతుంది.

కాళ్లు: రెండేసి 4×2లు అతికిస్తే చిత్రిక పట్టాక సుమారు 70×85 మి.మీ. వస్తుంది, చాలు. పొట్టి వైపు పట్టీల్ని మోర్టైజ్–టెనాన్ (గుంట, దాంట్లోకి దూరే నాలుక) వేసి అతికించేయండి. చెక్క మేకు కొట్టి బిగించేటట్టయితే కాలిలో బెజ్జం కన్నా టెనాన్‌లో బెజ్జాన్ని టెనాన్ భుజం (టెనాన్ మొదలయ్యే మెట్టు) వైపు 2 నుంచి 3 మి.మీ. జరిపి వెయ్యండి. మేకు దిగుతుంటే అతుకు దానంతటదే లోపలికి లాక్కుంటుంది. అంతకన్నా ఎక్కువ జరిపితే మేకు విరుగుతుంది, లేదా టెనాన్ చివర చీలిపోతుంది.

పొడవు పట్టీలు 125–150 మి.మీ. వెడల్పుండాలి. ఊగడాన్ని ఆపేది ఆ వెడల్పే, మందం కాదు. కొసకి 20 మి.మీ. పొట్టి టెనాన్ ఇచ్చి, జిగురు పెట్టకుండా, కాలి బయటి నుంచి 10 లేదా 12 మి.మీ. పొడవాటి బోల్టు దింపి, పట్టీ లోపలి వైపు గుంట తవ్వి నట్టు, మందపాటి వాషర్ పెట్టి బిగించండి. ఏడాదిలో కలప ఆరి కుంచించుకుంటుంది, అప్పుడు స్పానర్‌తో ఒక పావు చుట్టు తిప్పితే మళ్లీ బిగుసుకుంటుంది. బల్ల విప్పి వేరే గదికి మార్చాలన్నా ఇదే దారి.

పైపలక ఎలా ఎంచుకోవాలి? చేతి పనికి 75 మి.మీ. దగ్గర పెట్టుకోండి. మీకు రెండు దారులున్నాయి.

కలపతో అయితే 4×2లని నిలువుగా నిలబెట్టి పక్కపక్కన అతికించడం. 38 మి.మీ. ముక్కలకి రెండు వైపులా చిత్రిక పట్టేసరికి 35 మిగులుతుంది, 24 అంగుళాలకి 17–18 ముక్కలు పడతాయి. అతికించే ముందు ప్రతి ముక్క పక్కల్లో నార ఎటు ఎక్కుతోందో చూసి, అన్నీ ఒకే వైపు ఉండేలా బాణం గుర్తులు పెట్టుకోండి. ఇది మరిచిపోతే పూర్తయిన పైపలకని చదును చేసే రోజు ఒక ముక్క నున్నగా వస్తుంది, పక్క ముక్క పేళ్లు లేచి చిరుగుతుంది. పద్దెనిమిదీ ఒకేసారి అతికించకండి. పీవీఏ (తెల్ల) జిగురు ఐదు పది నిమిషాల్లో బిగుసుకోవడం మొదలుపెడుతుంది, ఆలోగా అన్ని క్లాంపులూ వెయ్యలేరు. నాలుగైదు ముక్కల కట్టలుగా అతికించి, ఒక్కో కట్టనీ సమం చేసుకుని, తర్వాత కట్టల్ని కలపండి. ప్రతి 20 సెం.మీ.కి ఒక క్లాంపు, పైనొకటి కిందొకటిగా. అన్నీ ఒకే వైపు వేస్తే కట్ట దోనెలా వంగిపోతుంది. మర్నాటి దాకా చిత్రిక పెట్టకండి.

ప్లైవుడ్‌తో అయితే 8×4 షీట్లు రెండు. ఒక్కో షీటు నుంచి 6 అడుగుల పొడవు, రంపం మందం పోను 24 అంగుళాలకి కాస్త తక్కువ వెడల్పు ముక్కలు రెండు వస్తాయి. నాలుగు పొరలు కలిపితే 72 మి.మీ., సుమారు 45–50 కిలోలు. అతికించేది మాత్రం చదునుగా ఉన్న చోటే. నేల వంపుంటే ఆ వంపే పైపలకలో గడ్డకడుతుంది, ప్లైవుడ్‌ని తర్వాత చిత్రికతో సరిచెయ్యలేరు. పైన 6 మి.మీ. హార్డ్‌బోర్డు వేసుకుంటే పాడైనప్పుడు మార్చుకోవచ్చు.

కలప పైపలకని చట్రానికి బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. రెండడుగుల వెడల్పు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య 5–6 మి.మీ. దాకా వెడల్పు మారగలదు. నాలుగు మూలలా గట్టిగా బిగిస్తే పలక చీలుతుంది, లేదా కాళ్లని ఎడం చేస్తుంది. ముందు వరసలో బోల్టు బెజ్జం బిగుతుగా పెట్టి, వెనక వరసలో బెజ్జాన్ని అడ్డంగా పొడవుగా తొలవండి. పలక పెరిగినా తరిగినా వెనక్కే జరుగుతుంది, ముందు అంచు కాళ్లతో సమంగా అలాగే ఉంటుంది. ముందు అంచు సంగతి వైస్ గురించి రాసేవాళ్లు చెబుతారు, అదే అన్నిటికన్నా ముఖ్యం.

పైన నూనె ఒకటి రెండు పూతలు చాలు. వార్నిష్ కొడితే చెక్క జారుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరెయ్యండి.

రంపంపన్ను:

పై ఇద్దరూ చేతి పనినే చూస్తున్నారు. అలమరలు చేస్తానన్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఒకే బల్లతో సర్దుకోవచ్చన్న మాటతో నేను సగమే ఏకీభవిస్తాను.

అలమర అతికించే బల్లకి కావాల్సినవి చిత్రిక బల్లకి దాదాపు తలకిందులు. ఎత్తు 22–26 అంగుళాలు, లేకపోతే పెట్టె పైభాగంలో క్లాంపులు వెయ్యాలంటే స్టూలెక్కాలి. అంచు చుట్టూ మూడు నాలుగు అంగుళాలు బయటికి ఉండాలి, క్లాంపు దవడ కిందికి దూరడానికి. అదే చిత్రిక బల్లకి అంచూ కాళ్లూ సమంగా ఉండాలి. రెంటినీ ఒకే అంచు మీద సాధించలేరు. ముందు అంచు చిత్రికకి వదిలేసి, వెనక అంచూ రెండు కొసలూ క్లాంపులకి ఉంచుకోవడం మధ్యేమార్గం. నికల్సన్ తరహాలో ముందు వెడల్పాటి పలక దింపితే మాత్రం ఆ వైపు క్లాంపు వెయ్యడానికి అంచు మిగలదు. ఆ నమూనాకి అదొక్కటే నాకు నచ్చని విషయం. మిగతా అంతా, తక్కువ కలపతో గట్టి బల్ల చేసుకోవడానికి, అంతకు మించింది లేదు.

అతికించే బల్లలో మెలిక ఉంటే అలమరలోకి మెలిక వస్తుంది. మూలమట్టం పెట్టి ఒక్కో మూలా సరిగ్గా ఉందనుకుంటారు, తలుపు బిగించాక ఒక మూల బయటికి తన్నుతుంది. అందుకే కర్ణాలు రెండూ కొలవాలి, దాంతోపాటు బల్ల మెలికని కూడా చూసుకోవాలి. ఇంత చదును బల్ల తక్కువ బరువులో కావాలంటే లోపల 75 మి.మీ. ప్లైవుడ్ పట్టీలని గడులుగా నిలబెట్టి పైనా కిందా ప్లైవుడ్ అతికించిన డబ్బా పలక చేసుకోండి. రెండు పొట్టి పీటల మీద పెట్టుకుని, పని అయ్యాక గోడకి నిలబెట్టేయొచ్చు. చేవకర్ర గారు చెప్పిన పీటలే దీనికీ పనికొస్తాయి, గదిలో చోటు పోదు. పైన మైనం రాస్తే కారిన జిగురు అంటుకోదు.

సర్క్యులర్ సా తో షీట్లు కొయ్యడానికి మంచి బల్లని బలిపెట్టకండి. నేల మీద 25–50 మి.మీ. ఫోమ్ షీటు పరిచి దాని మీద కోసుకోండి. బ్లేడు షీటు కన్నా 5–6 మి.మీ. మాత్రమే కిందికి దిగేలా పెడితే, తెగిన ముక్కలు రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి, కోత బిగుసుకుని సా వెనక్కి తన్నదు. రేపు టేబుల్ సా కొని ఈ బల్లనే దాని వెనక ఆసరాగా వాడుకుంటారేమో, అప్పుడు బల్ల ఎత్తు సా ఎత్తు కన్నా 2–3 మి.మీ. తక్కువుండాలి. సమంగా పెడితే నేల ఏ కాస్త ఎగుడుదిగుడైనా చెక్క ముందంచు తగిలి ఆగిపోతుంది. కోత మధ్యలో చెక్క ఆగడం ప్రమాదం.

ఇంకోటి, చక్రాలు. చిత్రిక పట్టే బల్ల చక్రాల మీద నిలబడకూడదు, లాక్ వేసినా రబ్బరు ఊగుతుంది. జరపాలంటే పెడల్ తొక్కితే దిగే చక్రాలు పెట్టండి, పని చేసేటప్పుడు కాళ్లు నేలనే తాకాలి.

పేడుముక్క:

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. 4×2లతో పైపలక, పొడవు పట్టీలకి బోల్టులు, 34 నుంచి కోసుకుంటూ రావడం, ఇవి ఖాయం. ఇంకో మూడు అడుగుతాను. కాలికి కట్టే లెగ్ వైస్ మంచిదా, ఇనప క్విక్ రిలీజ్ (మర తిప్పకుండానే చప్పున జరిగే) వైసా? చివర్లో టెయిల్ వైస్ (పలకని రెండు కొసల మధ్య బిగించేది) లేకుండా సన్న పలకలకి చిత్రిక పట్టొచ్చా? కింద సొరుగులు పెట్టుకుంటే ఇబ్బందేమైనా ఉంటుందా?

దవడబిగువు:

వైస్ గురించి. ముందు దాని చోటు. కుడిచేతి వాటం వాళ్లు బల్లకి ఎదురుగా నిలబడితే చిత్రిక కుడి నుంచి ఎడమకి పోతుంది. కాబట్టి వైస్ ఎడమ కొసలో, ముందు వైపు. ఎడమచేతి వాటమైతే తిరగేసుకోండి.

ఏ వైస్ అయినా, వెనక దవడ బల్ల ముందు అంచుతో సమంగా ఉండాలి. పైపలక అంచు, వెనక దవడ, కాళ్ల ముందు ముఖం, మూడూ ఒకే గోడలా ఉంటే నాలుగడుగుల పలకని నిలువుగా పట్టించి అంచుకి చిత్రిక పట్టొచ్చు. ఎడమ కొస వైస్‌లో, కుడి కొస కుడి కాలి బెజ్జంలో పెట్టిన చెక్క మేకు మీద. వైస్‌ని ఊరికే అంచుకి తగిలించి వదిలేస్తే దవడ అంగుళం ముందుకి పొడుచుకొస్తుంది, పలక అవతలి కొస గాల్లో ఊగుతుంది. రూబో పేరుతో పిలిచే 18వ శతాబ్దపు ఫ్రెంచ్ బల్లలో కాళ్లు పైపలక అంచుతో సమంగా ఉండేది ఇందుకే. ఆ నమూనా నుంచి ఇదొక్కటి తీసుకున్నా చాలు.

క్విక్ రిలీజ్ వైస్ బిగించడం తేలిక, వేగం. 7 లేదా 9 అంగుళాల దవడది తీసుకుని, ఇనుము పై అంచు బల్ల కన్నా 12 మి.మీ. కిందికి ఉండేలా దింపి, రెండు దవడలకీ 18–20 మి.మీ. గట్టి చెక్క వెయ్యండి. లేకపోతే చిత్రిక బ్లేడు ఏదో ఒక రోజు ఇనుముకి తగులుతుంది. దీని బలహీనత ఒక పక్కనే బిగిస్తే దవడ వాలిపోవడం. చెక్క ఎడమ మూలలో ఉంటే, అంతే మందమున్న ముక్కని కుడి మూలలో పెట్టి బిగించాలి.

లెగ్ వైస్ పట్టు దానికన్నా గట్టిది, పెద్ద పలకల్ని లోతుగా పట్టుకుంటుంది. ముందు దవడ ఏడెనిమిది అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉండాలి. మర పైపలక ఉపరితలానికి తొమ్మిది పది అంగుళాల కింద ఉండాలి. మర నుంచి కింది పట్టీ (ముందు దవడ అడుగున బిగించి, కాలిలోంచి వెనక్కి దూరేది) ఎంత దూరమైతే పైన అంత బిగువు, కాబట్టి కింది పట్టీని నేలకి దగ్గరగా పెట్టండి. మేకు పెట్టే బెజ్జాలు కింది పట్టీలో రెండు వరసలుగా, ఒకదానికొకటి అర అంగుళం తేడాతో వేసుకోవాలి. మేకు, ముందు దవడ నుంచి చెక్క మందం కన్నా కాస్త ఎక్కువ దూరంలో ఉండాలి. తక్కువ దూరంలో ఉంటే దవడలు కింద ముందు కలుస్తాయి, పైన చెక్క వదులుగా ఉంటుంది. కొత్తవాళ్లు మర ఇంకా ఇంకా బిగించి దవడనే వంచేస్తారు, నిజానికి మేకుని ముందు దవడకి ఒక బెజ్జం దూరంగా జరిపితే చాలు. చెక్క మందం మారినప్పుడల్లా వంగి మేకు మార్చుకోవాలి, అదొక్కటే విసుగు. చేతి పనిముట్లు ఎక్కువన్నారు కాబట్టి నా ఓటు లెగ్ వైస్‌కి.

రెంటికీ ఒకటే హద్దు: వెడల్పాటి పలకని నిలబెట్టి డవ్‌టెయిల్ కొయ్యాలంటే మధ్యలో మర అడ్డమొస్తుంది. దానికి రెండు మరల వైస్ ఒకటి విడిగా చేసుకోండి, మరల మధ్య 20–24 అంగుళాలు. ఇంగ్లిష్ రచయిత మాక్సన్ 17వ శతాబ్దంలో చూపించిన రకం కావడంతో ఆయన పేరుతోనే పిలుస్తారు. దాన్ని బల్ల మీద క్లాంపు చేస్తే పని ఐదారు అంగుళాలు పైకి లేస్తుంది. చేవకర్ర గారు చెప్పిన పై బల్ల పనీ, ఈ వైస్ పనీ ఒకే దెబ్బకి అయిపోతాయి.

టెయిల్ వైస్ లేకుండా చిత్రిక పట్టొచ్చా అంటే, సన్న పలకలకి లేకపోవడమే మేలు. 10–12 మి.మీ. పలకని రెండు కొసల మధ్య బిగిస్తే అది మధ్యలో కనీకనపడకుండా పైకి ఉబ్బుతుంది. ఉబ్బిన భాగాన్ని చిత్రిక తీసేస్తుంది. వైస్ వదలగానే పలక చదునుపడుతుంది, మధ్యలో పల్లం మిగులుతుంది. స్కేలు పెట్టి చూసి చిత్రికని అనుమానిస్తారు, తప్పు బిగింపుది.

స్టాప్ చాలు. ఎడమ కొసకి దగ్గరగా, ముందు అంచుకి మూడు నాలుగు అంగుళాల లోపల, పైపలకలో 60 మి.మీ. చతురస్రపు బెజ్జం తొలిచి, దాంట్లో సుత్తితో కొడితే గానీ కదలనంత బిగుతుగా గట్టి చెక్క దిమ్మ దింపండి. పలక మందం కన్నా రెండు మూడు మి.మీ. తక్కువ ఎత్తులో నిలపాలి. పలక కొస దానికి ఆనుతుంది, తోపే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. పక్కకి జారకుండా వెనక మూలకి 90 డిగ్రీల వి ఆకారపు గాడి కోసిన ప్లైవుడ్ ముక్క ఆనించి, ఆ ముక్క మీద హోల్డ్‌ఫాస్ట్ (బల్ల బెజ్జంలో ఇరుక్కుని చెక్కని నొక్కిపట్టే వంకర ఇనప కడ్డీ) దింపండి. అడ్డంగా, ఏటవాలుగా చిత్రిక పట్టినా పలక కదలదు. తీసి తిప్పడం క్షణం పని.

హోల్డ్‌ఫాస్ట్ ముప్పావు అంగుళం కడ్డీకి 19 మి.మీ. బెజ్జం. డ్రిల్లు నిటారుగా దిగాలి, మూలమట్టం పక్కన పెట్టుకుని దింపండి. ఇది బెజ్జంలో ఏటవాలుగా ఇరుక్కోవడం వల్లే పడుతుంది. 45 నుంచి 100 మి.మీ. మందంలో బాగా ఇరుకుతుంది, అంతకన్నా మందమైతే కడ్డీ వాలడానికి చోటుండదు, అప్పుడు కింది నుంచి బెజ్జాన్ని వెడల్పు చెయ్యాలి. మీ 18 మి.మీ. ప్లైవుడ్‌లో ఎందుకు పట్టదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కడ్డీ మరీ నున్నగా ఉండి జారుతుంటే 80 నంబరు ఎమెరీ కాగితంతో చుట్టూ అడ్డంగా గరుకు చెయ్యండి. ముందే బల్లంతా బెజ్జాలు వేసెయ్యకండి. వెనక వైపు 14–16 అంగుళాల ఎడంతో ఒక వరస, ముందు వరసలో మూడో నాలుగో చాలు. మిగతావి పని అడిగినప్పుడు.

మోర్టైజ్ సంగతి ఎవరూ చెప్పలేదు. చెక్కని వైస్‌లో నిలబెట్టి ఉలి కొట్టకండి, దెబ్బదెబ్బకీ కిందికి జారుతుంది, మర పాడవుతుంది. పైపలక మీద, సరిగ్గా కాలి నెత్తిన పడుకోబెట్టి హోల్డ్‌ఫాస్ట్ దింపి కొట్టండి. దెబ్బ కాలిలోంచి నేరుగా నేలకి పోతుంది. 75 మి.మీ. పైపలక అయినా రెండు కాళ్ల మధ్యలో కొడితే కొంత బలాన్ని మింగేస్తుంది.

చేవకర్ర:

సొరుగుల ప్రశ్న మిగిలింది. పెట్టుకోండి, కానీ పైపలక అడుక్కీ సొరుగుల పెట్టె నెత్తికీ మధ్య ఎనిమిది అంగుళాలు వదలండి. హోల్డ్‌ఫాస్ట్ కడ్డీ, చతురస్రపు స్టాప్ కిందికి దిగుతాయి, క్లాంపు మరకి కూడా తిరగడానికి చోటు కావాలి. పైపలకకి నేరుగా సొరుగులు వేలాడదీస్తే ఆ బెజ్జాలన్నీ దండగ, పొట్టంతా సొరుగులో పడుతుంది. పైపలక మధ్యలో పనిముట్ల పళ్లెం తవ్వడం కూడా నాకిష్టం లేదు, అక్కడికి చేరేది పొట్టే.

పెట్టె బరువు కింది పట్టీల మీద కూర్చోవాలి. మెత్త కలప పైపలక 45 కిలోలు, చట్రం ఇంకో 30 అనుకున్నా వందకి తక్కువే, కాబట్టి సొరుగుల్లో ఇనప సామాను పెట్టుకుంటే ఆ లోటు తీరుతుంది. చాలకపోతే కింద అరలో ఇసుక మూటలు పెట్టండి. కాళ్ల అడుగున చిన్న రబ్బరు ముక్కలు వేస్తే నున్నటి నేల మీద జారదు.

పైపలకని చట్రానికి బిగించగానే చదును చెయ్యకండి. మూడు నాలుగు వారాలు గది గాలికి వదిలెయ్యండి. ఈలోగా మామూలు పనులు చేసుకోవచ్చు. తర్వాత రెండు కొసల్లో తిన్నటి పట్టీలు రెండు అడ్డంగా నిలబెట్టి, ఒక కొస నుంచి వంగి చూస్తే మెలిక తెలిసిపోతుంది. ఏ రెండు ఎదురు మూలలు ఎత్తో అక్కడ పెన్సిల్‌తో గీతలు గీసుకుని, ముందు నారకి అడ్డంగా, తర్వాత రెండు వైపుల నుంచీ ఏటవాలుగా, చివర నార వెంబడి పొడవాటి చిత్రిక నడపండి. అడ్డంగా పట్టేటప్పుడు అవతలి అంచు చీలుతుంది, ముందే ఆ అంచుకి చిన్న వాలు తీసి ఉంచండి. తిన్నటి పట్టీ కింద కాగితం దూరి బయటికి వస్తుంటే ఇంకా పని ఉన్నట్టే. ముందు అంచు నుంచి పది పన్నెండు అంగుళాల మేర మాత్రం రాజీ పడొద్దు, చిత్రిక పట్టేదంతా అక్కడే. వెనక భాగంలో మిల్లీమీటరు పల్లం ఉంటే వదిలెయ్యండి.